జీన్ థెరపీకి ఒప్పుకునే ముందు: కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

సికిల్ సెల్, తలసేమియా, హిమోఫీలియా, ఎస్‌ఎంఏ (వెన్నుపాములోని నాడీకణాలు చచ్చిపోయి కండరాలు బలహీనపడే జబ్బు). ఈ జబ్బులున్న ఇళ్ళల్లో జీన్ థెరపీ, అంటే జన్యువుల స్థాయిలో లోపాన్ని సరిచేసే చికిత్స, అన్న మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. మందు పనిచేస్తుందా అన్న ప్రశ్న వెనకే మరికొన్ని వస్తాయి. ఇది చేయించడం తప్పా? పిల్లల తరఫున మనం నిర్ణయం తీసుకోవచ్చా? అన్ని కోట్లు అడగడం న్యాయమా? తేడా వస్తే ఎవరు జవాబుదారీ? ఈ రెండో రకం ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

జన్యువుల్ని మార్చడం దేవుడి పనిలో వేలు పెట్టడం కాదా?

ఈ మాట అడిగేవాళ్ళను తీసిపారెయ్యకూడదు. అయితే తలసేమియా బిడ్డకు మూడు, నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించడం, ఒంట్లో పేరుకున్న ఇనుమును మందులతో బయటికి పంపడం కూడా జబ్బును దాని మానాన వదిలెయ్యకపోవడమే. దాన్ని ఎవరూ తప్పనరు. తేల్చుకోవాల్సిన విషయం వేరే ఉంది: చేసిన మార్పు ఆ ఒక్క మనిషితో ఆగుతుందా, అడగడానికి ఇంకా పుట్టని తరాలకు కూడా పాకుతుందా?

చికిత్స చేయించుకుంటే ఆ మార్పు మా పిల్లలకు వెళ్తుందా?

వెళ్ళదు. ఇప్పుడు అనుమతి ఉన్న జీన్ థెరపీలన్నీ శరీర కణాల మీదే పనిచేస్తాయి: ఎముక మూలుగలోని మూలకణాలు, కాలేయం, వెన్నుపాములోని నాడీకణాలు, కంటి రెటీనా వంటివి. వీర్యకణాలను, అండాలను మార్చడం వీటి ఉద్దేశం కాదు.

దీనికి రెండో వైపు ఉంది, అది చాలామందికి తట్టదు. సికిల్ సెల్ ఉన్న అబ్బాయికి చికిత్స బాగా పనిచేసి నొప్పులు పూర్తిగా ఆగిపోయినా, అతని వీర్యకణాల్లో సికిల్ జన్యువు అలాగే ఉంటుంది. అతనికి పుట్టే ప్రతి బిడ్డకూ ఒక సికిల్ కాపీ తప్పకుండా వెళ్తుంది. చేసుకోబోయే అమ్మాయి వాహకురాలైతే, అంటే జబ్బు లేకున్నా ఆమెలో ఒక సికిల్ కాపీ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. ‘నయమైంది కదా’ అని పెళ్ళికి ముందు పరీక్ష మానేస్తే జబ్బు మళ్ళీ అదే ఇంటికి వస్తుంది. ఈ మాట డాక్టరు ముందే, స్పష్టంగా చెప్పి తీరాలి.

సికిల్ సెల్‌కు క్రిస్పర్ చికిత్స ఎలా చేస్తారు? ప్రమాదం ఏ దశలో ఉంటుంది?

2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతించిన కాస్‌జెవీ అనే క్రిస్పర్ చికిత్సను ఉదాహరణగా తీసుకుందాం. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఉండేది పిండదశ హిమోగ్లోబిన్, పుట్టిన కొన్ని నెలలకు దాని తయారీ తగ్గిపోతుంది. దాన్ని తగ్గించే జన్యువు బీసీఎల్11ఏ. రక్త మూలకణాల్లో ఆ జన్యువును నడిపించే ఒక చిన్న భాగాన్ని, జన్యువును కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో కత్తిరిస్తే, పిండదశ హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది, ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోవడం తగ్గుతుంది. వినడానికి ఒక్క వాక్యం. రోగి మీద అది నెలల పని.

మొదట కొన్ని వారాలపాటు రక్తం మార్పిడి చేస్తూ సికిల్ హిమోగ్లోబిన్‌ను 30 శాతం లోపలికి తెస్తారు. తర్వాత ప్లెరిక్సాఫర్ ఇంజెక్షన్‌తో మూలకణాలను మూలుగలోంచి రక్తంలోకి రప్పించి, యంత్రంతో వేరుచేస్తారు. మూలుగ దాతలకు మామూలుగా ఇచ్చే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ సికిల్ రోగులకు ఇవ్వకూడదు, తీవ్రమైన నొప్పి దాడి తెచ్చిపెడుతుంది. ఒక్కసారికి కావలసినన్ని కణాలు రాకపోతే ఈ సేకరణ మళ్ళీ మళ్ళీ చేయాలి. మార్చడానికి తీసిన కణాలు కాకుండా, మార్చనివి కొన్ని విడిగా భద్రపరుస్తారు. మార్చిన కణాలు మూలుగలో నాటుకోకపోతే రోగిని కాపాడేవి అవే.

కణాలు ప్రయోగశాలలో తయారై తిరిగి వచ్చేసరికి ఆరు నెలలు పట్టవచ్చు. అప్పుడు ఆసుపత్రిలో చేర్చి, బుసల్ఫాన్ అనే కీమో మందుతో పాత మూలుగను ఖాళీ చేసి, కొత్త కణాలను సెలైన్ లాగే ఎక్కిస్తారు. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు ఆసుపత్రిలోనే. తెల్ల కణాలు లేని ఆ రోజుల్లో ఇన్‌ఫెక్షన్, నోట్లో పుండ్లు, ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తస్రావం, కాలేయంలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోవడం వంటివి రావచ్చు.

అంటే తక్షణ ప్రమాదం ఎక్కువగా ఈ కీమో నుంచే, జన్యువును కత్తిరించడం నుంచి కాదు. 2024లో అమెరికాలో ఇలాంటి మరో సికిల్ చికిత్స ట్రయల్‌లో, అంటే మనుషుల మీద చేసే ప్రయోగంలో, ఒక రోగి చనిపోయారు. శ్వాస విఫలమవడానికి బుసల్ఫాన్ కారణం కావచ్చని ఆ ట్రయల్ నడిపిన సంస్థ చెప్పింది. కత్తిరింపు పొరపాటున మరో చోట జరగడం అన్నది ఏళ్ళ తరబడి గమనించాల్సిన ప్రమాదం. సమ్మతి పత్రంలో ఈ రెండూ విడివిడిగా రాసి ఉన్నాయేమో చూడండి. ‘కొన్ని దుష్ప్రభావాలు ఉండవచ్చు’ అని ఒక్క ముక్కతో సరిపెడితే ఆ పత్రం అసంపూర్ణం.

చికిత్స తర్వాత పిల్లలు పుడతారా?

బుసల్ఫాన్ వల్ల ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా సంతానం కలగకుండా పోయే అవకాశం గట్టిగానే ఉంది. ప్రాణం మీదికి వచ్చిన బిడ్డ పక్కన నిలబడి ఈ ప్రశ్న అడగడానికి తల్లిదండ్రులు మొహమాటపడతారు. మొహమాటం వద్దు.

యుక్తవయసు దాటిన అబ్బాయి వీర్యాన్ని భద్రపరచడం తేలిక. అమ్మాయికి అండాలను తీసి భద్రపరచడానికి హార్మోన్ ఇంజెక్షన్లు, రెండు వారాల సమయం కావాలి. సికిల్ ఉన్నవాళ్ళలో ఆ హార్మోన్ల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని కూడా చూసుకోవాలి. యుక్తవయసు రాని అమ్మాయికైతే అండాశయం ముక్కను తీసి దాచడం ఒక్కటే దారి. అన్ని ఆసుపత్రుల్లో చేయరు. అబ్బాయికి ఆ వయసులో వృషణ కణజాలాన్ని దాచడం ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఇవన్నీ కీమోకు ముందే జరగాలి. దీని ఖర్చు ట్రయల్ భరిస్తుందా, ఏటేటా భద్రపరిచే రుసుము ఎవరు కడతారు అన్నది రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. పదేళ్ళ పిల్ల సంతాన భవిష్యత్తు మీద పెద్దవాళ్ళు సంతకం పెడుతున్నారు. ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకంటే బరువైన నైతిక ప్రశ్న లేదు.

సమ్మతి పత్రంలో ఏమేం ఉండాలి? మాకు ఇంగ్లిష్ రాదు.

మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వడం వాళ్ళ బాధ్యత, మీ మీద దయ కాదు. తెలుగులో ఉంటే సరిపోతుందనుకోవడం కూడా తప్పే. ఆదిలాబాద్‌లో గోండీ మాట్లాడే కుటుంబానికి, భద్రాచలం ఏజెన్సీలో కోయ మాట్లాడే కుటుంబానికి గ్రాంథికపు తెలుగు పత్రం చేతికిచ్చి వేలిముద్ర వేయించుకుంటే దాన్ని సమ్మతి అనలేం. చదవలేనివాళ్ళ విషయంలో ట్రయల్‌తో సంబంధంలేని సాక్షి మొదటి నుంచి చివరిదాకా అక్కడే ఉండి సంతకం చేయాలి. కొత్త మందుల ట్రయల్స్‌లో బలహీన స్థితిలో ఉన్నవాళ్ళు చేరుతుంటే, సమ్మతి తీసుకునే ప్రక్రియ మొత్తాన్ని వీడియో తీయాలని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు చెబుతున్నాయి.

పత్రంలో వెతకాల్సినవి: ఇంతకు ముందు జంతువుల్లో, మనుషుల్లో ఏ నష్టాలు కనిపించాయి, ఈ చికిత్స కాకుండా వేరే దారులేమున్నాయి, మధ్యలో తప్పుకుంటే మామూలు వైద్యం ఆగదన్న హామీ, నష్టపరిహారం, ట్రయల్‌ను పరిశీలించి అనుమతించే నైతిక కమిటీ సభ్య కార్యదర్శి ఫోన్ నంబరు.

మొదటి అంశాన్ని ఎందుకంత పట్టుబట్టి అడగాలో చెప్పడానికి జెస్సీ గెల్సింగర్ ఉదంతం చాలు. అమెరికాకు చెందిన 18 ఏళ్ళ కుర్రాడు. కాలేయంలో ఓటీసీ అనే ఎంజైమ్ లోపం ఉన్నా, ఆహార నియమాలు, మందులతో నెట్టుకొస్తున్నాడు. ఆ ట్రయల్ వల్ల తనకు లాభం లేదని తెలిసినా, అదే జబ్బుతో పుట్టే పసిబిడ్డలకు పనికొస్తుందని చేరాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అడినోవైరస్ ద్వారా జన్యువును ఎక్కించిన నాలుగు రోజులకు, 1999 సెప్టెంబర్ 17న, రోగనిరోధక వ్యవస్థ విరుచుకుపడి అవయవాలు విఫలమై చనిపోయాడు. విచారణలో బయటపడినవి: అంతకు ముందే కోతులు చనిపోయిన సంగతి సమ్మతి పత్రంలో లేదు. ఇతర రోగుల్లో కనిపించిన తీవ్ర దుష్ప్రభావాలను సరిగా తెలియజేయలేదు. మందు ఎక్కించడానికి ముందు అతని రక్తంలో అమ్మోనియా నియమం అనుమతించిన దానికంటే ఎక్కువగా ఉంది. పరిశోధన నడిపిన శాస్త్రవేత్తకు ఆ సాంకేతికతతో లాభపడే కంపెనీలో వాటా ఉంది. అందుకే ‘ఈ మందులో మీకు గానీ మీ ఆసుపత్రికి గానీ ఆర్థిక ప్రయోజనం ఉందా?’ అని డాక్టరును సూటిగా అడగండి. నిజాయితీ ఉన్న డాక్టరు దానికి నొచ్చుకోరు.

పత్రాన్ని ఇంటికి తీసుకెళ్ళి, తెలిసిన వేరే డాక్టరుకు చూపించి, రెండు మూడు రోజుల తర్వాత సంతకం చేయవచ్చు. ‘ఇవాళే పెట్టాలి, సీటు పోతుంది’ అంటే అనుమానించండి.

పిల్లల తరఫున మేం సంతకం పెడితే చాలా?

చాలదు. ఏడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు వాళ్ళ వయసుకు తగ్గట్టు చెప్పి నోటిమాటగా ఒప్పుకోలు తీసుకోవాలి. పన్నెండు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్ళ ఒప్పుకోలు రాతలో ఉండాలి. ఇది భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2017 నైతిక మార్గదర్శకాల్లో ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల ‘నాకొద్దు’ అంటే, అమ్మానాన్నల సంతకం ఉందని బలవంతంగా ట్రయల్‌లో చేర్చడం సబబు కాదు.

పిల్లలకు చెప్పేటప్పుడు ‘ఇంజెక్షన్ చేస్తారు, తగ్గిపోతుంది’ అని తేల్చేయకండి. జుట్టు రాలుతుందని, నెలకు పైగా ఎవరూ దగ్గరికి రాకుండా గదిలో ఉండాలని, బడి పోతుందని చెప్పాలి. తెలియకుండా వెళ్ళిన పిల్లలు మధ్యలో బెంబేలెత్తిపోతారు. కీమో మొదలయ్యాక వెనక్కి తిరిగే దారి లేదు.

ట్రయల్‌లో చేరడానికి డబ్బు కట్టమంటున్నారు. కట్టాలా?

కట్టకూడదు. పరిశోధనలో ఉన్న మందుకు, దానికోసం చేసే పరీక్షలకు రోగి నుంచి డబ్బు తీసుకోవడం నైతిక నియమాలకు విరుద్ధం. లక్షలు తీసుకుని ‘స్టెమ్ సెల్’, ‘జీన్’ అంటూ ఇంజెక్షన్లు ఇచ్చే చోట జరిగేది పరిశోధన కాదు.

సరిచూసుకోవడం కష్టం కాదు. ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ మొదటి మనిషిని చేర్చుకోక ముందే సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. నంబరు సీటీఆర్‌ఐ అన్న అక్షరాలతోనే మొదలవుతుంది. ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతికి చూడవచ్చు. అక్కడ ఆసుపత్రి పేరు, ప్రధాన పరిశోధకుడి పేరు, నైతిక కమిటీ అనుమతి, ఎంతమందిని చేర్చుకుంటారు అన్నవి ఉంటాయి. మీరు వెళ్తున్న ఆసుపత్రి ఆ జాబితాలో లేకపోతే అక్కడితో ఆపేయండి. మందుల అనుమతి కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ ఇస్తుంది. జీన్ థెరపీలకు విడిగా 2019లో ఐసీఎంఆర్ మార్గదర్శకాలు వచ్చాయి.

ట్రయల్‌లో హాని జరిగితే ఎవరు బాధ్యులు?

హాని జరిగినప్పుడు వైద్యం ఉచితంగా చేయాలి, దానికి ట్రయలే కారణమని తేలేదాకా ఆగకూడదు. ట్రయల్‌తో సంబంధం లేదని రుజువైతే తప్ప ఆ వైద్యం ఆపడానికి వీల్లేదు. తీవ్రమైన ఘటన జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో సీడీఎస్‌సీఓకు, ట్రయల్ చేయిస్తున్న స్పాన్సరుకు, నైతిక కమిటీకి తెలియజేయాలి.

ప్రాణం పోతే పరిహారాన్ని సూత్రం ప్రకారం కడతారు: 8 లక్షల రూపాయలను వయసు గుణకంతో, ప్రమాద గుణకంతో హెచ్చవేసి 99.37తో భాగిస్తారు. పదహారేళ్ళు, అంతకంటే తక్కువ వయసుకు గుణకం 228.54. మధ్యస్థ ప్రమాదం ఉన్న రోగికి ప్రమాద గుణకం 2 అనుకుంటే దాదాపు 36.8 లక్షలు వస్తుంది. ఆరోగ్యవంతుడైన వాలంటీరుకు ఆ గుణకం 4, అంటే అదే వయసుకు 73.6 లక్షలు. ఆరు నెలలకు మించి బతకరనుకున్న రోగికి 0.5 మాత్రమే. జబ్బు ఎంత ముదిరితే ప్రాణం విలువ అంత తగ్గిపోతుందన్నమాట. ఇది అన్యాయమని మా అభిప్రాయం. జీన్ థెరపీ ట్రయల్స్‌లో మొదట చేరేది ఎక్కువగా వేరే దారి లేనివాళ్ళే.

మందు హాని చేయడం ఒక్కటే కారణం కానక్కర్లేదు. నిర్ణీత పద్ధతిని తప్పినా, ఉన్న మంచి వైద్యం ఇవ్వకుండా పనిచేయని ప్రయోగ మందు ఇచ్చి నష్టపరిచినా పరిహారం అడగవచ్చు.

16 కోట్ల ఇంజెక్షన్ కోసం విరాళాలు సేకరించడం సరైనదేనా?

ఎస్‌ఎంఏ టైప్ 1 బిడ్డ తల్లిదండ్రులకు ‘సేకరించకండి’ అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే సేకరణ మొదలుపెట్టే ముందు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఆ 16 కోట్ల ఇంజెక్షన్ పేరు జోల్‌జెన్‌స్మా, ఒక్క మోతాదు మందు. ఏఏవీ9 అనే వైరస్ తొడుగులో ఎస్‌ఎంఏ బిడ్డలో లోపించిన ఎస్‌ఎంఎన్1 జన్యువును పెట్టి నరంలోకి ఎక్కిస్తారు. 2019లో అమెరికా దీన్ని రెండేళ్ళలోపు పిల్లలకు అనుమతించింది. అప్పటి ధర 21.25 లక్షల డాలర్లు. చచ్చిపోయిన నాడీకణాలను ఇది తిరిగి తేలేదు, మిగిలినవాటిని కాపాడుతుంది. కాబట్టి డబ్బు పోగయ్యే నెలల్లో బిడ్డ ఏదో ఒక వైద్యం లేకుండా ఉండటం అన్నిటికంటే పెద్ద నష్టం. ఇంకో సంగతి: బిడ్డ రక్తంలో ఏఏవీ9కి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఎక్కువగా ఉంటే మందు ఇవ్వరు. ఆ పరీక్ష విరాళాల పోస్టర్ వేయక ముందే చేయించాలి. ఎక్కించిన తర్వాత కాలేయం దెబ్బతినకుండా నెలకు పైగా స్టిరాయిడ్లు వాడాలి, రక్తపరీక్షలు తప్పనిసరి. 2022లో రష్యా, కజకిస్తాన్‌లలో ఇద్దరు పిల్లలు కాలేయం విఫలమై చనిపోయారు.

ఇప్పుడు వేరే దారి కూడా ఉంది. రోజూ నోటి ద్వారా ఇచ్చే రిస్‌డిప్లామ్ జీన్ థెరపీ కాదు గానీ, ఎస్‌ఎంఎన్2 జన్యువు నుంచి పనికొచ్చే ప్రొటీన్ ఎక్కువగా తయారయ్యేలా చేస్తుంది. ఒక్కో సీసా ఆరు లక్షల రూపాయలదాకా ఉండేది. పేటెంటు మీద రోష్ కంపెనీ వేసిన అప్పీలు సుప్రీంకోర్టులో 2025 అక్టోబర్‌లో వీగిపోయాక, హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఆ మందును 15,900 రూపాయల ధరకు తెచ్చింది. బరువు పెరిగేకొద్దీ మోతాదు పెరుగుతుంది, జీవితాంతం వాడాలి. అయినా 16 కోట్లకూ దీనికీ పోలికే లేదు. విరాళాలకు ముందు న్యూరాలజిస్టుతో ఈ మాట తప్పక మాట్లాడండి.

ప్రభుత్వం వైపు నుంచి, 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా 50 లక్షలదాకా సాయం ఉంది. మన దగ్గర ఆ కేంద్రం హైదరాబాద్‌లోని నిమ్స్, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీతో కలిసి.

విరాళాల్లో ఉన్న అన్యాయాన్నీ ఒప్పుకోవాలి. ముద్దుగా వీడియోలో నవ్వే బిడ్డకు, సెలబ్రిటీ షేర్ చేసిన బిడ్డకు డబ్బు వస్తుంది. ఫోన్ సిగ్నల్ అందని ఊళ్ళో అదే జబ్బుతో ఉన్న బిడ్డకు రాదు. 2020లో నోవార్టిస్ ఏడాదికి 100 మోతాదులదాకా లాటరీ తీసి ఉచితంగా ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. లాటరీలో పక్షపాతం లేదు, నిజమే. కానీ ఏ బిడ్డ పరిస్థితి ఎక్కువ అత్యవసరమో అది చూడదు. తల్లిదండ్రులను పందెంలో కూర్చోబెడుతుంది. రోగుల సంఘాలు దాన్ని అందుకే తప్పుబట్టాయి. ధర నిర్ణయించినవాళ్ళను వదిలేసి, దాతల ఎంపికనో చీటీ ఎంపికనో తప్పుపట్టడం సరికాదు.

ట్రయల్‌లో తక్కువ మోతాదు తీసుకుంటే తర్వాత అసలు మందు తీసుకోవచ్చా?

ఏఏవీ వైరస్ ద్వారా ఇచ్చే చికిత్సల్లో సాధారణంగా కుదరదు. ఒకసారి ఎక్కించాక శరీరంలో తయారయ్యే యాంటీబాడీలు ఏళ్ళ తరబడి ఉండిపోతాయి, రెండో మోతాదును అడ్డుకుంటాయి. దగ్గరి పోలికలున్న ఇతర ఏఏవీ రకాలకూ ఆ తలుపు మూసుకుపోవచ్చు. తొలి దశ ట్రయల్స్‌లో మొదట చేరినవాళ్ళకు భద్రత చూడటానికి తక్కువ మోతాదు ఇస్తారు. అది చాలకపోతే, తర్వాత వచ్చే మెరుగైన మందుకు వాళ్ళు అనర్హులవుతారు. పత్రంలో దీన్ని పెద్ద అక్షరాలతో రాయాలి. చేరేముందు అడగండి: నా బిడ్డ ఏ మోతాదు గుంపులో ఉంటాడు? ఆ మోతాదుతో ఇప్పటిదాకా ఎవరికైనా మేలు కనిపించిందా?

ఇవి మన దేశంలో చవకగా తయారు కావా?

అవుతున్నాయి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకు (రోగి సొంత రోగనిరోధక కణాలను మార్చి రక్తక్యాన్సర్‌పైకి పంపే చికిత్స) 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. ఖర్చు అమెరికాలో ఇలాంటిదానికి అయ్యేదానిలో దాదాపు పదోవంతు. వెల్లూరు సీఎంసీలో తీవ్ర హిమోఫీలియా-ఏ ఉన్న ఐదుగురికి చేసిన జీన్ థెరపీ ఫలితాలు 2024 డిసెంబర్‌లో వచ్చాయి, చికిత్స తర్వాత వాళ్ళకు రక్తస్రావాలు ఆగిపోయాయి. సికిల్ సెల్‌కు ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్-ఐజీఐబీ తయారుచేసిన క్రిస్పర్ చికిత్సను 2025 నవంబర్‌లో బిర్సా 101 పేరుతో ప్రకటించారు, తయారీ సాంకేతికత సీరం ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళింది. ప్రకటన వేరు, ట్రయల్స్ దాటి అనుమతి పొందడం వేరు. పేపర్లో చూసి, సికిల్‌కు ఇప్పుడు వాడుతున్న హైడ్రాక్సీయూరియా మందు మానేయకండి.

ధర తగ్గినా మూలుగ మార్పిడి చేయగల గదులు, నర్సులు, బ్లడ్ బ్యాంకు లేనిచోట ఈ చికిత్స సాధ్యం కాదు. పాడేరు నుంచి విశాఖకో, ఉట్నూరు నుంచి హైదరాబాద్‌కో వచ్చి రెండు మూడు నెలలు ఉండటానికి గది అద్దె, పోయిన కూలి ఎవరిస్తారు? ఆ లెక్క వేయకుండా ‘గిరిజనులకు అందుబాటులోకి’ అనడం తొందరపాటు.

తోబుట్టువుల్లో మూలుగ సరిపోలినవాళ్ళుంటే మామూలు మూలుగ మార్పిడి ఇప్పటికే ఉంది. ఒక్కొక్కరితో సరిపోలే అవకాశం 25 శాతం. తలసేమియా పిల్లలకు దీనికి కోల్ ఇండియా నడిపే బాల్ సేవా యోజన కింద 10 లక్షలదాకా సాయం దొరుకుతుంది. జీన్ థెరపీ వస్తుందని ఆగి ఈ అవకాశాన్ని వయసు మీరేదాకా వదులుకోవద్దు.

పుట్టకముందే పరీక్షచేసి ఆపేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్ళలోపు ఏడు కోట్లమందిని పరీక్షించి, 2047 నాటికి జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్ష మంచిదే. రెండుచోట్ల జాగ్రత్త కావాలి.

మొదటిది సాంకేతికం. ఊళ్ళో చేసే సొల్యుబిలిటీ పరీక్ష సికిల్ హిమోగ్లోబిన్ ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. వాహకులెవరో రోగులెవరో తేల్చలేదు, బీటా తలసేమియా వాహకులను అసలు పట్టుకోలేదు. ఒకరు సికిల్ వాహకులు, ఇంకొకరు తలసేమియా వాహకులు అయినా బిడ్డకు జబ్బు వస్తుంది. కాబట్టి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షతో నిర్ధారించుకోవాలి, ఈమధ్యే రక్తం ఎక్కించి ఉంటే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

రెండోది మనుషుల సంగతి. వాహకురాలని కార్డు ఉన్న అమ్మాయికి సంబంధాలు తప్పిపోతాయి, వాహకుడైన అబ్బాయి సంగతి ఎవరూ అడగరు. ఫలితం ఊరందరి ముందు చదివి వినిపించడం, ఆశా కార్యకర్త రిజిస్టరు ఎవరంటే వాళ్ళు తిరగెయ్యడం జరగకూడదు. వాహకులు జబ్బుమనుషులు కారు. మేనరికం చేసుకున్న దంపతులను ఆసుపత్రిలో మందలించడమూ తప్పే. ఒకే పూర్వీకుడి నుంచి లోపమున్న కాపీ ఇద్దరికీ వచ్చే అవకాశం పెరుగుతుందని చెప్పి పరీక్ష చేయిస్తే చాలు.

గర్భంలో పరీక్షకు 11 వారాల తర్వాత మావి నుంచి ముక్క తీస్తారు. అంతకు ముందే తల్లిదండ్రులిద్దరి జన్యు మార్పులు తెలిసి ఉండాలి. పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నమోదైన కేంద్రంలోనే, రాతపూర్వక సమ్మతితో చేయాలి. ఆడా మగా చెప్పడం నేరం. ఫలితం వచ్చాక గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ మహిళ నిర్ణయం. లక్ష్యం పూర్తిచేయడానికి ఆమెమీద ఒత్తిడి తెచ్చే హక్కు మిషన్‌కు లేదు.

మా కులం పేరుతో జన్యు పరిశోధనలు వస్తున్నాయి. మాకు చెడ్డపేరు కాదా?

వైశ్యుల్లో బీసీహెచ్‌ఈ జన్యు లోపం ఎక్కువగా ఉందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి పరిశోధన చెప్పింది. ఆ లోపం ఉన్నవాళ్ళకు ఆపరేషన్‌లో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఇస్తే కండరాలు చాలాసేపు తిరిగి పనిచేయవు, ఊపిరికి యంత్రం కావాలి. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు. అంటే సమూహం పేరు చెప్పడం వల్ల ప్రాణం నిలిచే సందర్భాలున్నాయి. తప్పు పేరు చెప్పడంలో లేదు. తెచ్చిన రక్తాన్ని చెప్పిన పనికి కాక మరో పనికి వాడితే తప్పు. ఊరి పెద్ద ఒప్పుకున్నాడని మనిషి మనిషినీ అడగకపోతే తప్పు. ఫలితాన్ని ఆ సమూహానికి తిరిగి చెప్పకపోతే తప్పు. పెద్ద అనుమతి ఉన్నా ఒక్కొక్కరి సమ్మతీ విడిగా తీసుకోవాల్సిందే. మిగిలిన రక్తాన్ని ఎన్నేళ్ళు దాస్తారు, కంపెనీలకు ఇస్తారా అన్నదానికి పత్రంలో వేరే గడి ఉండాలి. ఆ ఒక్కదానికి ‘వద్దు’ అని మిగతాదానికి ఒప్పుకోవచ్చు.

పిండంలోనే జన్యువులు మార్చి కోరిన బిడ్డను కనడం వస్తుందా?

2018 నవంబర్‌లో చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయి, క్రిస్పర్‌తో మార్చిన పిండాల నుంచి కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించాడు. హెచ్‌ఐవీ సోకకుండా సీసీఆర్5 జన్యువును పాడుచేయడం ఉద్దేశం. తండ్రికి హెచ్‌ఐవీ ఉంటే బిడ్డకు రాకుండా వీర్యాన్ని శుద్ధిచేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, ఆ పిల్లలకు ఈ మార్పు అవసరమే లేదు. సమ్మతి పత్రంలో దాన్ని ఎయిడ్స్ టీకా ప్రాజెక్టుగా చూపించారు. వచ్చిన మార్పులు కూడా అనుకున్న రూపంలో రాలేదు. 2019 డిసెంబర్‌లో అతనికి మూడేళ్ళ జైలు, 30 లక్షల యువాన్ల జరిమానా పడ్డాయి. మన దేశంలో బీజకణాల (వీర్యకణాలు, అండాల) జన్యు చికిత్సను ఐసీఎంఆర్ మార్గదర్శకాలు నిషేధించాయి. అయితే మార్గదర్శకానికి విడి చట్టమంత బలం ఉండదు, ఆ చట్టం రావాలి.

ఎత్తు, రంగు, తెలివి వంటివి వందల వేల జన్యు తేడాల మీద, పెంపకం మీద ఆధారపడతాయి. తెల్లటి బిడ్డను ఇస్తామని ఎవరైనా సంతాన సాఫల్య కేంద్రంలో చెబితే అది మోసం.

చికిత్స అయిపోయాక ఎన్నాళ్ళు ఆసుపత్రికి వెళ్ళాలి? మానేస్తే?

2000 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన మగపిల్లలకు జీన్ థెరపీ చేశారు. చాలామంది కోలుకున్నారు. రెండు మూడేళ్ళ తర్వాత కొందరికి రక్తక్యాన్సర్ వచ్చింది. వైరస్ మోసుకెళ్ళిన జన్యువు ఎల్‌ఎంఓ2 అనే క్యాన్సర్ జన్యువు పక్కన చేరి దాన్ని రెచ్చగొట్టింది. అందుకే క్రోమోజోమ్‌లో చేరిపోయే వైరస్‌లు, జన్యు కత్తిరింపు వాడే చికిత్సలకు 15 ఏళ్ళదాకా, ఏఏవీకి ఐదేళ్ళదాకా గమనించాలని అమెరికా నియంత్రణ సంస్థ అడుగుతుంది.

మానేసే హక్కు మీకు ఎప్పుడూ ఉంది, దానికి కారణం చెప్పనక్కర్లేదు. కానీ ఒంట్లో ఉన్న మార్పును వెనక్కి తీయలేరు. క్యాన్సర్‌ను మొదట్లోనే పట్టుకునే అవకాశం పోతుంది. కాబట్టి చేరేముందే ఈ ఏర్పాట్లు అడగండి: ఊరు మారితే దగ్గరి జిల్లా ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించి రిపోర్టు పంపవచ్చా, బస్సు ఖర్చు ఇస్తారా, కంపెనీ మూతపడితే ఫైళ్ళు ఎవరి దగ్గర ఉంటాయి, బిడ్డకు 18 నిండాక కొనసాగాలా వద్దా అని తననే మళ్ళీ అడుగుతారా. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్కించిన తేదీ, వాడిన వైరస్ రకం రాసిన కాగితం ఒకటి డిశ్చార్జి సమ్మరీతోపాటు తీసుకుని, ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. పదేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో వేరే డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.